అమెరికావారి బార్బెక్యూ విందు



నేటి నా ప్రసంగ విషయము ఒక వంట. వంటను గూర్చి పెద్దలతో ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మాంసము ముట్టనివారును మీలో అనేకులు కలరు. దీనిని వండుకొనుడని చెప్పుటకు నేను రాలేదు. ఒక దేశమువారు పొయ్యి వెలిగించు తీరును, పంక్తి తీర్చు తీరును బట్టి ఆ దేశపు చరిత్ర కొంత తెలియును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో బార్బెక్యూ అను విందు అట్టిది. మన బిడ్డలు అనేకులు ఆ దేశమున కాపురములు చేయుచున్నందున ఈ పేరు ఇప్పుడు మన ఇండ్లలోను వినబడుచున్నది. కనుక దీని కథ తెలిసికొనుట అనవసరము కాదు.

మొదట ఆ మాట పుట్టుక చెప్పెదను. కరీబియన్ సముద్రపు దీవులలో టైనో అను ఆదిమజాతి వారుండిరి. 1492లో కొలంబసు ఓడలు చేరినది ఆ ప్రాంతపు తీరములకే. గుంజలు పాతి, పైన కఱ్ఱలు పేర్చి కట్టిన మంచెను వారు బార్బకోవ అనెడివారు. దాని క్రింద నిప్పు వేసి, పైన చేపలను, మాంసమును పరచి, సెగతోను పొగతోను మెల్లగా కాల్చెడివారు. ఒవియెడో అను స్పెయిను దేశీయుడు 16వ శతాబ్దమున తన గ్రంథములలో ఈ మాటను వ్రాసియుంచెను. మొక్కజొన్న చేలలో చిలుకలను తోలుటకు పిల్లలు ఎక్కి కూర్చుండు మంచెకును అదే పేరని ఆయన తెలిపెను. మన జొన్నచేని మంచెను ఎరిగినవారికి ఇంతకంటె వివరము అక్కరలేదు. స్పెయినువారి నోట పడిన ఆ మాట ఇంగ్లీషువారి నోటికి చేరి బార్బెక్యూ ఆయెను. 1755లో శామ్యూల్ జాన్సను ప్రకటించిన ఇంగ్లీషు నిఘంటువులో దానికి చోటు దొరకెను.

మాటతో పాటు వంటయు మారెను. అమెరికా దక్షిణ భాగమున స్థిరపడిన తెల్లవారి ఊళ్లలో మంచె పోయి, నేలలో త్రవ్విన పొడుగాటి కందకము వచ్చెను. మన పెండ్లిండ్లకు త్రవ్వు గాడిపొయ్యిని తలచుకొనుడు. అందులో కట్టెలు కాల్చి నిప్పులు చేసి, మీద అడ్డకఱ్ఱలు పరచి, పందిని గాని ఎద్దును గాని మొత్తముగా ఉంచి, రాత్రియంతయు త్రిప్పుచు కాల్చుదురు. మంటపై గబగబ కాల్చుట బార్బెక్యూ కాదని ఆ విద్య తెలిసినవారి మాట. దానికి కావలసినది మంట కాదు, ఓపిక.

ఈ ఓపికకు కారణము కలదు. పశువు ఎక్కువగా కదల్చు అవయవముల మాంసము, అనగా రొమ్ము, భుజము మొదలగునవి, మిక్కిలి గట్టివి. వానిలో కొల్లాజెన్ అను గట్టి నారపదార్థము కండలను కట్టియుంచును. తీవ్రమైన వేడికి అది బిగిసి, మాంసము తోలువలె అగును. మెల్లని వేడిలో చాలసేపు ఉంచినచో అదే కరిగి, జిగురుగా మారి, మాంసమును మెత్తబరచును. నీరు మరగుటకు 100 డిగ్రీల వేడి కావలెను గదా. ఈ పొయ్యిలోని వేడి అంతకు కొంచెమే ఎక్కువ, 110 మొదలు 120 డిగ్రీల వరకు. ఎద్దు రొమ్ము మాంసము దీనిలో ఉడుకుటకు పండ్రెండు గంటలు పట్టవచ్చును, అంతకు మించియు పట్టవచ్చును.

ఇందులో ఒక వింత కలదు. మాంసము లోపలి వేడి 65, 70 డిగ్రీల దాక ఎక్కి, అక్కడ కొన్ని గంటలు కదలక నిలిచిపోవును. క్రొత్తవాడు కంగారుపడి కట్టెలు ఎగద్రోయును, వంట చెడగొట్టుకొనును. కారణము మన ఇంటిలోనే ఉన్నది. వేసవిలో కుండనీరు చల్లబడుట ఎట్లు? కుండ పైపొరనుండి తేమ ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవును. మాంసము పైనుండి ఆవిరియగు తేమయు అట్లే చల్లబరచుచుండును. ఆ తేమ తగ్గినపిమ్మట వేడి మరల ఎక్కును.

నేనొకమారు టెక్సాసు రాష్ట్రమున ఒక చిన్న ఊరిలో ఇట్టి వంటశాలను చూచితిని. పొయ్యి కాచు వృద్ధుడు గడియారము వైపు చూడనే లేదు. మూత తీసి, మాంసమును వ్రేలితో నొక్కి చూచి, మరల మూసెను. ఇంకెంతసేపని నేనడుగగా, అదియే చెప్పునని నవ్వెను. అతడు వేయుచున్న కట్టెలలో మెస్కీటు అను చెట్టు కఱ్ఱయు ఉండెను. అది మన బీళ్లలో ముండ్లతో వ్యాపించిన సర్కారు తుమ్మకు జ్ఞాతి.

ప్రాంతమును బట్టి రుచి మారును. ఉత్తర కరోలినా తూర్పు భాగమున పందిని మొత్తముగా కాల్చి, పుల్లని వినిగరును మిరపకాయయు కలిపిన ద్రవముతో తడుపుదురు. దక్షిణ కరోలినాలో కొన్నిచోట్ల ఆవపిండి కలుపుదురు. కాన్సస్ సిటీలో టొమాటోతోను తీపితోను చేసిన చిక్కని పులుసు వాడుక. టెక్సాసు నడిమి భాగమున 19వ శతాబ్దములో వలసవచ్చిన జర్మనులు, చెక్కులు పెట్టిన మాంసపు అంగళ్లనుండి ఎద్దు రొమ్ము మాంసము కాల్చు వాడుక పెరిగెను. మిరపకాయయు, టొమాటోయు మనకు పోర్చుగీసువారి రాకడతో అమెరికా ఖండమునుండియే వచ్చినవి. కావున గుంటూరి కారమునకును ఆ పులుసునకును పుట్టినిల్లు ఒక్కటే.

ఇంతవరకు పొయ్యి మాట. ఇక పంక్తి మాట.

అమెరికాలో బార్బెక్యూ మొదటినుండియు ఊరుమ్మడి విందు. తరువాత ఆ దేశపు మొదటి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టను, 1769లో అలెగ్జాండ్రియా పట్టణమున అట్టి విందునకు వెళ్లినట్లు తన దినచర్యలో వ్రాసికొనెను. 1793 సెప్టెంబరు 18న వారి శాసనసభా భవనమునకు శంకుస్థాపన జరిగినప్పుడు 500 పౌనుల ఎద్దును కాల్చి జనులకు విందు చేసిరి. ఎన్నికల సభలకును ఈ విందే ఆకర్షణ.

అయితే ఆ కందకములు త్రవ్వినదెవరు? రాత్రియంతయు పొగలో నిలిచినదెవరు? దక్షిణ రాష్ట్రములలో పెక్కుచోట్ల వారు ఆఫ్రికానుండి తెచ్చి బానిసలుగా చేసిన నల్లజాతివారును, వారి సంతతియు. 1937 ప్రాంతమున ప్రభుత్వమువారు పూర్వపు బానిసలలో బ్రతికియున్న వృద్ధులను కలిసి వారి జ్ఞాపకములను వ్రాయించిరి. అందు దక్షిణ కరోలినా వాడైన వెస్లీ జోన్సు తన పనిని వర్ణించెను. విందు ముందటి రాత్రి తాను తెల్లవార్లు మేలుకొని మాంసమును తడుపుచుండెడివాడనని చెప్పి, ఆ ద్రవములో ఏమేమి వేయుదురో ఏకరువు పెట్టెను. వినిగరు, మిరియము, ఎఱ్ఱ మిరప, ఉప్పు, వెన్న, ధనియము, ఉల్లి, వెల్లుల్లి! మన ఇంటి పోపులపెట్టె వింటున్నట్లే యున్నది. తొంబది దాటిన వయస్సున ఒకడు ఇంత వివరముగా జ్ఞాపకముంచుకొన్న ఆ విద్య, అతనికి స్వాతంత్ర్యము లేని దినములలో నేర్చినది.

1865 జూను 19న టెక్సాసులోని గాల్వెస్టను పట్టణమున బానిసలు విముక్తులైరని ప్రకటన వెలువడెను. మరుసటి యేటినుండి ఆ దినము నల్లజాతివారికి పండుగ ఆయెను. ఆ పండుగకు వారు తమ కొరకు తామే బార్బెక్యూ చేసికొనసాగిరి. 1872లో హ్యూస్టను పట్టణపు నల్లజాతివారు ఈ ఉత్సవము జరుపుకొనుటకై చందాలు వేసికొని 10 ఎకరముల నేల కొనిరి. నిన్నటివరకు ఇతరుల పంక్తికి వండినవారు తమ స్వంత నేలపై తమ పంక్తి తీర్చిరి. ఆ దినమును దేశమంతటికి సెలవు దినముగా చేసినది 2021లో.

స్వేచ్ఛ వచ్చినంతమాత్రమున పక్కన కూర్చుండు హక్కు రాలేదు. అలబామా రాష్ట్రమున బర్మింగుహాము పట్టణములో ఓలీస్ బార్బెక్యూ అను భోజనశాల ఉండెను. దానిలో 220 మంది కూర్చుండవచ్చును. పనివారు 36 మంది. వారిలో మూడింట రెండువంతులు నల్లజాతివారు. కాని కొనుటకు వచ్చిన నల్లజాతివారు పొట్లము కట్టించుకొని పోవలసినదే గాని లోపల కూర్చుండి తినరాదు. 1964 జూలైలో ఇట్టి భేదమును నిషేధించు పౌరహక్కుల చట్టము వచ్చెను. ఆ శాల యజమానులు తమ స్థానిక వ్యాపారమున కేంద్ర ప్రభుత్వమునకు పనిలేదని వ్యాజ్యము వేసిరి. ఆ శాల కొను సరకులో ఇంచుమించు సగము పరరాష్ట్రమునుండి వచ్చిన మాంసము. రాష్ట్రముల నడుమ సాగు వర్తకముతో ఇట్టి సంబంధమున్నందున చట్టము దానికి వర్తించునని 1964 డిసెంబరు 14న సుప్రీము కోర్టు న్యాయమూర్తులందరు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. వండినవారి జాతికి ఆ బల్లలయొద్ద అట్లు చోటు దొరకెను.

పెద్దలారా, ఈ కథను అమెరికావారిని ఆక్షేపించుటకు చెప్పలేదు. దుకాణములలోను హోటళ్లలోను కులము పేర ఎవరినిగాని అడ్డగింపరాదని మన రాజ్యాంగము 1950లోనే శాసించెను. అమెరికా చట్టముకంటె పదునాలుగు ఏండ్లు ముందు. అయినను మన ఊళ్లు కొన్నిటిలో కాఫీ హోటళ్లయందు రెండు గ్లాసుల పద్ధతి ఆ తరువాత ఎంతకాలము సాగెనో మీకు నేను చెప్పనక్కరలేదు. శాసనము కాగితముపై ఒక దినమున ఎక్కును. పంక్తిలోనికి దిగుటకు ఊరి పెద్దల మాట తోడు కావలెను.

మీ ఊరిలో ఈ యేడు జాతరయో, పెండ్లియో జరుగును. గాడిపొయ్యి త్రవ్వుదురు. కట్టెలు మోయువారుందురు, పొగలో కన్నులు తుడుచుకొనుచు గరిటె త్రిప్పువారుందురు. విస్తళ్లు పరచునప్పుడు వారెక్కడ కూర్చుండిరో ఒకమారు చూడుడు. మీరు పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టినచో కాదను ధైర్యము ఆ ఊరిలో ఎవరికి ఉండును?