మోషన్ టెస్టా? రేపు చూద్దాంలే!

ఇంగ్లండ్‌లో ఒక జీపీ సర్జరీ (డాక్టర్ క్లినిక్) రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ 50 నుంచి 74 ఏళ్ళవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ రెండేళ్ళకోసారి పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష కిట్‌ను ఉచితంగా ఇంటికే పంపుతుంది. తిరిగి పంపనివాళ్ళ వివరాలు మా దగ్గరికొస్తే ఫోన్ చేసి గుర్తుచేస్తాం. తెలుగు పేరు కనబడితే ఆ ఫోన్ నాకే వదిలేస్తారు. వైటూకే రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు యాభై దాటుతున్నారు మరి, ఆ పేర్లు ఈమధ్య పెరిగాయి.

క్యాన్సర్ బయటపడుతుందేమోనని జంకేవాళ్ళు లేకపోలేదు గానీ, నాకు తగిలినవాళ్ళలో ఎక్కువమందిని ఆపేది రోత, దానికి తోడు బద్ధకం. "నాకేం రోగమమ్మా, రోజూ వాకింగ్ చేస్తున్నా" అంటారు. ఏ లక్షణాలూ లేనివాళ్ళ కోసమే ఈ పరీక్ష. కంటికి ఆనని రక్తం మోషన్‌లో ఉంటే ఇది పట్టేస్తుంది. రక్తం కనబడుతున్నా "మొలలేలెండి, కారం ఎక్కువైంది" అని సరిపెట్టుకునేవాళ్ళ దగ్గర మాత్రం కిట్ ఊసెత్తను, నేరుగా డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇస్తాను.

మొన్నొకాయన, "పూజగది ఉన్న ఇల్లమ్మా, ఆ సీసా ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. "వేలెడంత సీసా అన్నయ్యగారూ, మూతకే పుల్ల ఉంటుంది. పుల్ల గాట్లు నిండేలా అద్ది, సీసాలో పెట్టి, మూత టక్కుమనేదాకా నొక్కండి. తారీఖు రాసి పోస్టులో వేసేయండి, స్టాంపు కూడా అక్కర్లేదు" అన్నాను. నీళ్ళలో పడకుండా ఎలా పట్టాలన్నది ఆయన అసలు సందేహం. ఖాళీ డబ్బా ఏదైనా వాడమంటే, "మా ఆవిడ పెరుగు డబ్బా ఒక్కటీ పారేయనివ్వదు, అన్నిట్లో పప్పులే!" టాయిలెట్ పేపర్ నాలుగు మడతలేసి పట్టినా చాలన్నాక తేలికపడ్డారు.

పరీక్ష సులువైతే చేసేవాళ్ళు పెరుగుతారు. 2019కి ముందు మూడు వేర్వేరు మోషన్ల నుంచి తీసి అట్టముక్క మీద పూయాల్సి వచ్చేది. ఒక్కసారితో అయిపోయే ఈ కిట్ వచ్చాక తిరిగొచ్చేవి పెరిగాయి. స్కాట్లాండ్‌లో 2022లో నలభై వేలమందితో ఒక ప్రయోగం చేశారు. 'రెండు వారాల్లోగా పంపండి' అని ఉత్తరంలో గడువు రాస్తే, పంపినవాళ్ళు 66 నుంచి 68 శాతానికి పెరిగారు. రెండు శాతమేనా అనిపిస్తుంది గానీ, దేశం మొత్తం మీద అది వేలమంది. ఇంకొందరికి 'మీకున్న ఇబ్బందులేంటి, ఎలా దాటుతారు' అని రాసుకునే కాగితం కూడా పెట్టారు. దానివల్ల ఒరిగిందేమీ లేదు. రోత పుట్టించే పనికి మళ్ళీ హోంవర్కా!

నన్నడిగితే, బెదిరించే ప్రచారం కన్నా తెలిసిన గొంతు బాగా పనిచేస్తుంది. అది డాక్టరుదైనా సరే, కూతురిదైనా సరే. కూతురు అడిగితే కాదనే నాన్నని నేనింకా చూడలేదు. నేను చెప్పేవి కూడా ఊరటనిచ్చే లెక్కలే. నూటికి 98 మందికి తదుపరి పరీక్ష అవసరం ఉండదు. మిగిలిన ఇద్దరిని, కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీకి పిలుస్తారు, వాళ్ళలోనూ చాలామందికి క్యాన్సర్ ఉండదు. ఉన్నా, మొదటి దశలోనే దొరికితే పదిమందిలో తొమ్మిదిమంది అయిదేళ్ళు దాటి బతుకుతారు.

ఇంత చెప్పినా "అలాగేనమ్మా" దగ్గర ఆగిపోతారు. అందుకే రోజు ఖాయం చేయకుండా ఫోన్ పెట్టను. ఆ పూజగది ఆయనతోనూ అంతే.

"ఈ శనివారం చేసేయండి."

"శనివారం ఒక్కపొద్దమ్మా, వద్దు."

"అయితే ఆదివారం. సోమవారం ఆఫీసుకెళ్తూ పోస్టు డబ్బాలో వేసేయండి."

ఒకసారి చేసినవాళ్ళు రెండోసారికి పెద్దగా బతిమాలించుకోరు. రెండేళ్ళ తర్వాత ఆయన పేరు నా లిస్టులో ఉండకపోవచ్చు.