బడి సంచిలో ఇంటికి వచ్చే చీటీ

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాల గ్రామాలలో అనేక ఇళ్లలో మాట్లాడే భాష తెలుగు. ఆ ఇళ్ల పిల్లలలో ఎక్కువమంది చదివే బడి భాష మరాఠీ. పాఠశాల నుంచి ఇంటికి వచ్చే సూచనలు మరాఠీలో వస్తాయి. తల్లి ఆ కాగితం చదవలేదు. తండ్రి పొలంలోనో, పరాయి ఊరి పనిలోనో ఉంటాడు. చదివి చెప్పవలసిన భారం ఆ పిల్లవాడి మీదనే పడుతుంది. "సంతకం పెట్టమన్నారు" అన్న ఒక్క మాటతో ఆ పని ముగిసిపోతుంది. హాజరు తగ్గినదని రాసిన చీటీని తానే చదివి వినిపించే బాలుడు అరుదు. కళ్లద్దాలు పెట్టుకోవలసి వస్తుందేమోనని భయపడే బాలిక కంటి పరీక్ష చీటీని పుస్తకాల మధ్యనే ఉంచుకుంటుంది. చిన్నపిల్లలకు ఈ తెలివి ఉండదు. 5వ తరగతి నుంచి 8వ తరగతి వరకు చదివే పిల్లలకు మాత్రం బాగా ఉంటుంది.

ఈ రెండు భాషల జీవితం నిన్న మొన్నటిది కాదు. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని విభజించినప్పుడు నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలో చేరింది. ఆ జిల్లాకే చెందిన ముధోల్, భైంసా, కుభీర్, బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. అదిలాబాద్ జిల్లాలోని కిన్వట్ తాలూకా, ఇస్లాపూర్ సర్కిలు ఇటు వచ్చాయి. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. గీత మారినా చుట్టరికాలు మారలేదు, ఇంటి భాషా మారలేదు. మారినది బడి నుంచి వచ్చే కాగితపు భాష.

మరాఠీ, తెలుగు రెండూ సంస్కృత పదాలను విస్తారంగా వాడే భాషలు కావడం వల్ల మరొక చిక్కు ఏర్పడుతున్నది. మాట విన్నట్లే ఉంటుంది, అర్థం వేరుగా ఉంటుంది. "పాలక్" అంటే మరాఠీలో తల్లి లేదా తండ్రి. "పాలక్ సభ" అన్న పిలుపు విని అది సర్పంచులకో, అధికారులకో సంబంధించిన సభ అనుకుని ఇంట్లోనే ఉండిపోయేవారికి ఆ పొరపాటు సహజమైనదే. తెలుగులో పాలకులు అంటే ఏలేవారు కదా! "జంతనాశక గోళీ" అన్నది జంతువులకు సంబంధించిన మందు కాదు. మరాఠీలో జంత అంటే కడుపులోని నులిపురుగు. ఇవి నవ్వుకుని మరచిపోదగిన పొరపాట్లు. నిజంగా నష్టం కలిగించగలిగిన మాట వేరొకటి ఉన్నది. అది "సందర్భిత్".

సంవత్సరానికి ఒకసారి ప్రభుత్వ పాఠశాలలకు వైద్య బృందం వస్తుంది. 2013లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ "ఆరోగ్య తపాసణీ" జరుగుతుంది. బృందంలో ఇద్దరు వైద్యులు, ఒక నర్సు, మందులు ఇచ్చే ఫార్మసిస్టు ఉండాలన్నది నిబంధన. వైద్యులలో ఒకరు మహిళ. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపాలు, బాల్యంలో వచ్చే వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యం అనే నాలుగు విభాగాలలో పిల్లలను పరీక్షిస్తారు. 18 సంవత్సరాల వయసు వరకు ఈ పథకం వర్తిస్తుంది. చిన్న సమస్యలకు బడిలోనే మందు ఇస్తారు. పెద్ద ఆసుపత్రిలో చూపించవలసిన పిల్లలకు చీటీ రాసి ఇస్తారు. ఆ చీటీ మీద ఉండే మాటే "సందర్భిత్". తెలుగులో సందర్భం అంటే సమయం, ప్రస్తావన. అక్షరాలు కూడబలుక్కుని చదివిన తండ్రికి కూడ అందులో ఆందోళన కలిగించేది ఏమీ కనిపించదు. మరాఠీలో దాని అర్థం, ఈ బిడ్డను ఇంకా పెద్ద ఆసుపత్రికి పంపించాము, అక్కడ చూపించండి అని.

ఆ చీటీ రెండు నెలలు సంచిలో ఉండి, తరువాత పుస్తకానికి అట్టగా మారితే, మరల వైద్య బృందం వచ్చేది మరుసటి సంవత్సరమే. ఈలోగా చెవిలో చీము కారే బిడ్డకు వినికిడి తగ్గవచ్చు. చెవిలో కాచిన నూనె పోయడం మన గ్రామాలలో ఇంకా ఉన్నది. కర్ణభేరికి రంధ్రం పడి ఉంటే ఆ నూనె లోపలికి పోయి హాని చేస్తుంది. కంటి చూపు విషయం మరింత మౌనంగా సాగుతుంది. దగ్గరి వస్తువులు బాగానే కనిపిస్తూ దూరపువి మసకగా కనిపించే దోషం ఎక్కువగా ఈ వయసులోనే మొదలవుతుంది, ఏటేటా పెరుగుతుంది. నల్లబల్ల కనిపించని బాలుడు పక్కవాడి నోటుపుస్తకం చూసి రాసుకుంటాడు. గురూజీ అది కాపీ అనుకుంటారు, ఇంట్లో మందబుద్ధి అనుకుంటారు. ఒక జత కళ్లద్దాలతో తీరే సమస్య చదువు మానిపించేంత వరకు పోతుంది. పరుగెత్తితే అందరికంటె ముందుగా ఆయాసపడే పిల్లలకు ఇచ్చిన చీటీ గుండె పరీక్ష కోసం అయి ఉండవచ్చు. ఈ పథకం కింద పరీక్షలకు, చికిత్సకు, అవసరమైతే శస్త్రచికిత్సకు కూడ కుటుంబం డబ్బు చెల్లించనవసరం లేదు.

కాబట్టి "సందర్భిత్" అన్న చీటీ వచ్చిన వారంలోనే తరగతి ఉపాధ్యాయుడిని మూడు విషయాలు అడగాలి: ఏ సమస్యకు రాశారు, ఏ ఆసుపత్రికి రాశారు, ఏ రోజున వెళ్లాలి. గ్రామంలోని ఆశా కార్యకర్తకు ఆ కాగితం చూపినా చదివి చెప్పగలరు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు చీటీ తప్పక తీసుకుపోవాలి. చెరకు కోతకో, ఇటుక బట్టీలకో వలస పోయే కుటుంబాలు దానిని ఇంట్లో పెట్టెలో వదలక వెంట ఉంచుకోవడం మంచిది. చీటీ పోయినదని ఊరుకోరాదు. బృందం పరీక్షించిన పిల్లల వివరాలు రాసి ఉంచుకుంటుంది.

మాత్రల విషయానికి వస్తే, ఫిబ్రవరి 10 జాతీయ నులిపురుగుల నివారణ దినం. చాలా రాష్ట్రాలలో ఆగస్టులో మరొకసారి కూడ జరుగుతుంది. పాఠశాల పిల్లలకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఒకటి ఇచ్చి నమిలి మింగమంటారు. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు కాస్త వికారం, కడుపునొప్పి రావచ్చు. కొద్దిసేపు నీడలో పడుకోబెట్టి నీరు తాగిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. ఒకరిద్దరికి అలా జరిగితే "మందు వికటించినది" అన్న పుకారు రెండు ఊళ్లు దాటుతుంది. మరుసటి సంవత్సరం ఆ ఊరి తల్లులు ఆ రోజున పిల్లలను బడికే పంపరు. జ్వరంతో ఉన్న పిల్లలకు ఆ రోజున మాత్ర వేయరు. వారికి, బడికి రానివారికి కొద్ది రోజుల తరువాత మరొక దినం కేటాయిస్తారు.

6వ తరగతి నుంచి వారానికి ఒకసారి ఇచ్చే నీలిరంగు మాత్ర ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసినది. మరాఠీలో దానిని "లోహయుక్త గోళీ" అంటారు. రక్తహీనతను తగ్గించడానికి ఇస్తారు. భోజనం చేసిన తరువాతనే వేసుకోవాలి, దాని వెంటనే చాయ తాగరాదు. మలం నల్లగా రావడం చూసి భయపడనక్కరలేదు, ఇనుము వల్ల అలా అవుతుంది. ఆడపిల్లలకే కాక మగపిల్లలకు కూడ ఈ మాత్ర ఇస్తారు.

ఇక్కడ బడి ఇంటికి చెప్పవలసినదానికంటె ఇల్లు బడికి చెప్పవలసినది ముఖ్యం. కిన్వట్, మాహూర్ ప్రాంతపు ఆదివాసీ కుటుంబాలలో సికిల్ సెల్ వ్యాధి కనిపిస్తుంది. ఆ వ్యాధి గాని, తలసేమియా గాని ఉన్న బిడ్డకు ఇనుము మాత్ర ఇవ్వాలా వద్దా అన్నది వైద్యుడు నిర్ణయించవలసినది. బిడ్డకు ఆ వ్యాధి ఉన్నదని ఉపాధ్యాయుడికి ఎవరూ చెప్పకపోతే ఆయన అందరితో పాటు మాత్ర ఇస్తారు. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు నీరు తక్కువైనా, చలి తగిలినా, అలసట ఎక్కువైనా ఎముకలలో భరించరాని నొప్పి వస్తుంది. అడిగినప్పుడల్లా నీరు తాగనివ్వాలని, ఎండలో నిలబెట్టవద్దని బడికి ముందే తెలిసి ఉండాలి. మూర్ఛ, ఉబ్బసం ఉన్న పిల్లల విషయమూ ఇంతే. పెళ్లి సంబంధాలకు అడ్డు వస్తుందని ఆడపిల్ల మూర్ఛవ్యాధిని దాచే కుటుంబాలు ఉన్నాయి. ఆ భయం అర్థం చేసుకోదగినదే. అయినా ఊరందరికీ చెప్పనవసరం లేదు, ముఖ్యాధ్యాపకుడికి, తరగతి ఉపాధ్యాయుడికి తెలిస్తే చాలు.

మధ్యాహ్న భోజనం సంగతి పిల్లలు అడగకుండానే చెబుతారు. 6 నుంచి 8వ తరగతి పిల్లలకు రోజుకు 150 గ్రాముల ధాన్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు అన్నది లెక్క. 5వ తరగతి వరకు 100, 20, 50 గ్రాములు. వడ్డించడానికి ముందు ఒక ఉపాధ్యాయుడు సహా ఇద్దరు ముగ్గురు పెద్దవారు రుచి చూడాలని 2015 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ పెద్దవారిలో ఊరి తల్లులు ఉండరాదని ఎక్కడా లేదు.

అసలు తల్లిదండ్రులకు బడిలో చోటు ఇచ్చినది 2009 విద్యాహక్కు చట్టం. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల "శాళా వ్యవస్థాపన్ సమితి"లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. చాలా ఊళ్లలో రిజిస్టరు ఇంటికి వచ్చినప్పుడు సంతకమో, వేలిముద్రో వేయడంతో సభ్యత్వం ముగుస్తున్నది. మరాఠీ రాదన్నది ఒక సాకు, ఒక నిజం కూడ. కాని సభలో తెలుగులో మాట్లాడరాదని ఏ చట్టమూ చెప్పడం లేదు, రెండు భాషలు తెలిసిన సభ్యుడు ఒకరు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. ఆరోగ్య తపాసణీ ఎప్పుడు, ఎందరు పిల్లలు సందర్భిత్ అయ్యారు, వారిలో ఎందరు ఆసుపత్రికి వెళ్లారు అన్న మూడు ప్రశ్నలు ఏ భాషలో అడిగినా సమాధానం చెప్పవలసినదే. బాలికలకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలన్నది కూడ ఈ చట్టంలోనిదే. 7, 8 తరగతుల ఆడపిల్లలు నెలలో నాలుగైదు రోజులు బడికి రాకపోతే దానికి తాళం వేసి ఉన్నదా, నీరు ఉన్నదా అని చూడవలసినది ఈ సమితి సభ్యురాళ్లే. ఈ మాట మగవారి సభలో రాదు.

పరీక్షల విషయంలో ఒక పాత నమ్మకం మారవలసి ఉన్నది. 8వ తరగతి వరకు ఎవరినీ ఆపరని చాలామంది అనుకుంటున్నారు. 2019లో చట్టాన్ని సవరించారు, 2023లో మహారాష్ట్ర నియమాలు మార్చింది. 5, 8 తరగతుల వార్షిక పరీక్షలో తప్పినవారికి మరొక అవకాశం ఇస్తారు. అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉంచవచ్చు.

దసరా రాగానే పిల్లలు తల్లితో బాసర, బోధన్, నిర్మల్ వైపు అమ్మమ్మ ఇళ్లకు బయలుదేరుతారు. అక్కడ బడులకు దసరాకు పెద్ద సెలవులు. ఇక్కడ పెద్ద సెలవులు దీపావళికి, దానికి ముందు మొదటి సత్ర పరీక్షలు ఉంటాయి. బతుకమ్మ ఆడి రావద్దని ఎవరు అనగలరు? పరీక్ష తేదీలు అడిగి బయలుదేరితే రెండూ దక్కుతాయి.

కొన్ని కుటుంబాలు పిల్లలను చదువుకే అటు పంపిస్తాయి, మరికొందరు అటు నుంచి ఇటు వస్తారు. దాఖలా ఆలస్యమైనదని ఏ ప్రభుత్వ పాఠశాలా ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతున్నది. అయితే దాఖలాలో బిడ్డ ఆరోగ్యపు సంగతులు ఉండవు. టీకాల కార్డు, సందర్భిత్ చీటీ, వేసుకుంటున్న మందుల కాగితం తల్లిదండ్రులే కొత్త బడికి చూపాలి. 10వ ఏట, 16వ ఏట వేయవలసిన ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా ఇలా మారేటప్పుడే తప్పిపోతుంది. పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. తెలుగువారు ఇంటిపేరు ముందు పెట్టి, దానిని తరచు ఒక్క అక్షరానికి కుదిస్తారు. ఇక్కడి బడులలో బిడ్డ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ పూర్తిగా రాస్తారు. దాఖలాలో, ఆధార్‌లో, ఆసుపత్రి చీటీలో పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో బడిలోనే, దాఖలా చేతికి అందిన రోజునే సరిచూసుకోవాలి.