గుట్టలెక్కే బండి సరదా - తిరగబడితే మూడు క్వింటాళ్ల బరువు

నస్రుల్లాబాద్: నాలుగు చక్రాలున్నా దానిని కారు అనడానికి వీల్లేదు. హ్యాండిలు పట్టుకుని, కాళ్లు అటొకటి ఇటొకటి వేసి కూర్చునేదే అయినా మోటారు సైకిలనీ అనలేము. ఆ లావుపాటి టైర్లు చూస్తే ట్రాక్టరుకు పుట్టిన పిల్లలా కనిపిస్తుంది. క్వాడ్ బైక్ అనీ, ఏటీవీ అనీ పిలిచే ఈ బండి మీద గుట్టలూ గుంతలూ ఎక్కి దిగడం సెలవు దినాల సరదాగా మారింది. ఇంట్లో కుర్రవాడి ఫోనులో దుమ్ము రేపుకుంటూ పోతున్న ఈ బండి బొమ్మ చూడని తల్లిదండ్రులు పల్లెల్లో కూడా తక్కువే. 'మేమూ పోతాం' అని పిల్లలు అడిగినప్పుడు అవుననాలో కాదనాలో తేల్చుకోవాలంటే ఆ బండి సంగతి కొంత తెలిసి ఉండాలి.

మన ప్రాంతం నుంచి ఈ సరదా కోసం వెళ్లదగిన చోట్లలో ముఖ్యమైనది వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టలు. అనంత పద్మనాభస్వామి ఆలయం ఉన్నది ఇక్కడే. మూసీ నది పుట్టిందీ ఇక్కడే. హైదరాబాదు నగరం మధ్యగా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే ఆ నది ఈ ఎర్రమట్టి గుట్టల్లో చిన్న ఊటగా మొదలవుతుందంటే చూసినవారికి ఆశ్చర్యమే. ఇక్కడి గాలి మంచిదని ఒకప్పుడు క్షయ రోగుల కోసం ఆస్పత్రి నెలకొల్పారు. ఇప్పుడు అదే గాలి కోసం నగరవాసులు శని, ఆదివారాల్లో వస్తున్నారు. వారి కోసం చుట్టుపక్కల వెలసిన విడిది గృహాల్లో కొన్ని ఈ బండ్లను అద్దెకు తిప్పుతున్నాయి. అరకు లోయ దారిలో ఉన్న అనంతగిరి వేరు, ఇది వేరు. పేరు ఒకటే కావడంతో పొరబడేవారున్నారు కనుక ఈ మాట చెప్పవలసి వస్తోంది.

ముందొకరు, వెనకొకరు

పద్ధతిగా నడిపే చోట ఈ యాత్ర ఇలా సాగుతుంది. మొదట తలకు హెల్మెట్, చేతులకు గ్లౌజులు ఇస్తారు. కాళ్లకు చెప్పులుంటే బండెక్కనివ్వరు, బూట్లు ఉండాలి. చదునైన నేల మీద పది పదిహేను నిమిషాలు బండి తిప్పించి చూస్తారు. ఎవరి చేయి ఎలా ఉందో కనిపెట్టాక గాని గుట్ట దారి పట్టించరు. ముందు బండి మీద దారి తెలిసిన గైడు ఉంటాడు. వరుస చివర మరొకడు ఉంటాడు. మధ్యలో వచ్చినవారు. అందరిలోకి మెల్లగా నడిపేవాడి వేగమే బృందం వేగం కావాలి. బండికీ బండికీ మధ్య ఖాళీ ఉండాలి. ముందు బండి ఎక్కు ఎక్కి అవతలికి దిగేదాకా రెండోది ఎక్కకూడదు.

ఇంత పద్ధతి అన్ని చోట్లా ఉంటుందనుకోవడం అమాయకత్వమే. డబ్బు తీసుకుని, తాళం చేతికిచ్చి, 'అదుగో ఆ చెట్టుదాకా పోయి రండి' అనేవారూ ఉంటారు. అలాంటి చోట ఇచ్చేది గైడు యాత్ర కాదు, ఉత్త అద్దె బండి. రెంటికీ ఒకే ధర చెప్పినా రెండూ ఒకటి కావు.

కాలు కింద పెట్టరాదు

మోటారు సైకిలు నడపడం వచ్చినవారు ఇది చాలా తేలికనుకుంటారు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. మోటారు సైకిలుకు కుడిచేతి పిడిని తిప్పితే వేగం పెరుగుతుంది. ఈ బండికి బొటనవేలితో నొక్కే చిన్న మీట ఉంటుంది. గుంతలో పడి బండి కుదిపినప్పుడు, భయపడ్డ మనిషి పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. దానితోపాటు బొటనవేలూ బిగుసుకుంటుంది. ఆగవలసిన చోట బండి ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు కాలితో వస్తుంది. మోటారు సైకిలు ఒరిగితే కాలు కింద ఆనించడం అందరికీ అలవాటు. ఇక్కడ అలా ఆనిస్తే, వెనుక చక్రం ఆ కాలి మీదికి ఎక్కుతుంది. బండి ఎంత ఒరిగినా పాదాలు పాదపీఠం మీదే ఉండాలన్నది గైడు మొదటి రోజు, మొదటి నిమిషంలో చెప్పవలసిన మాట.

ఇక మలుపు సంగతి. సైకిలు లాంటివి మలుపులో తమంతట తామే లోపలికి వాలుతాయి. నాలుగు చక్రాల బండి వాలదు. పైగా బయటి పక్కకు ఒరగబోతుంది. అందుకని నడిపేవాడే తన ఒంటిని మలుపు లోపలి వైపుకు జరపాలి. ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి. దిగేటప్పుడు వెనక్కి జరగాలి. గుట్టకు అడ్డంగా పోతున్నప్పుడు ఎత్తు ఉన్న వైపుకు బరువు వేయాలి. సీటు అంత పొడుగ్గా ఉండేది ఇద్దరు కూర్చోవడానికని చాలామంది భ్రమ. నడిపేవాడు ముందుకూ వెనక్కూ జరగడానికే అది పొడుగు. ఇద్దరి కోసమే తయారైన రకాలు వేరుగా ఉన్నాయి. ఒక్కరి బండి మీద రెండో మనిషిని ఎక్కిస్తే వెనుక బరువు పెరిగి, ముందు చక్రాలు తేలిపోతాయి. ఎక్కులో ఆ బండి వెనక్కి తిరగబడడానికి ఎంతోసేపు పట్టదు.

ఎక్కు మధ్యలో ఇంజను ఆగితే చాలామంది బండిని వెనక్కి జారవిడుస్తారు. అది చేయకూడని పని. బ్రేకు బిగబట్టి, ఎత్తు ఉన్న పక్కకు దిగి, గైడు కోసం ఆగాలి. పెద్దవారు నడిపే బండ్లు చాలావరకు రెండు నుంచి మూడున్నర క్వింటాళ్ల దాకా తూగుతాయి. నాలుగైదు వడ్ల బస్తాలు ఒక్కసారి ఛాతీ మీద పడితే మనిషి గతి ఏమిటో మన రైతుకు వేరే చెప్పనక్కర లేదు. ఈ ప్రమాదాల్లో చాలామంది చనిపోయేది పడిపోయినందువల్ల కాదు, బండి కింద నలిగో ఊపిరాడకో.

ట్రాక్టరు చెప్పిన సంగతే

నిజాంసాగర్ ఆయకట్టులో వరి పండించే రైతుకు ఇందులో కొత్తేమీ లేదు. కరిగెట చేసేటప్పుడు బురదలో వెనుక చక్రాలు దిగబడి, ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి పడిపోవడం, కాలువ గట్టు మీద టైరు అంచు దాటి పక్కకు బోల్తా పడడం ఈ ప్రాంతంలో వినని ఊరు ఉండదు. సూత్రం రెంటికీ ఒకటే. ట్రాక్టరు విషయంలో స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు నడిపేవాడి చుట్టూ ఉక్కు చట్రం తప్పనిసరి చేసింది. తిరగబడినా మనిషి నలగకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. అక్కడ ఆ మరణాలు బాగా తగ్గాయి.

క్వాడ్ బైకు కూడా నిజానికి పొలం బండే. మొదట వచ్చినది మూడు చక్రాలది. చలికాలంలో మోటారు సైకిళ్లు అమ్ముడుపోవడం లేదనీ, ఆ నెలల్లో అమ్ముకోవడానికి ఏదైనా చేసి ఇవ్వమనీ అమెరికాలోని డీలర్లు అడిగితే జపాను హోండా కంపెనీ దానిని తయారు చేసి 1970లో బజారులో పెట్టింది. మెత్తటి నేల మీద దిగబడకుండా లావు టైర్లు పెట్టారు. కారు టైరుకు ముప్ఫై పౌండ్లకు అటూ ఇటూగా గాలి కొడతాము. ఈ టైర్లలో చాలావాటికి పది పౌండ్ల లోపే చాలు. అందుకే అవి రాతినీ వేరునూ అదిమి పట్టుకుని పోగలుగుతాయి. అక్కడి రైతులు గొర్రెల మంద వెంట తిరగడానికి, కంచెలు చూసుకోవడానికి దీనిని మెచ్చారు. 1980ల మొదట్లో సుజుకీ నాలుగు చక్రాల రకం తెచ్చింది. ఈలోగా మూడు చక్రాల బండ్లు తిరగబడి జనం, ముఖ్యంగా పిల్లలు, చనిపోవడం పెరిగింది. 1988లో అమెరికా ప్రభుత్వానికీ కంపెనీలకూ కోర్టు ద్వారా కుదిరిన ఒప్పందంతో కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయింది. పెద్ద ఇంజను బండి 16 ఏళ్ల లోపు వారికి తగదన్న హెచ్చరిక కూడా అప్పటినుంచే గట్టిపడింది.

నాలుగో చక్రం వచ్చాక ప్రమాదం తగ్గింది గాని పోలేదు. ఆస్ట్రేలియాలో వ్యవసాయ పనుల్లో జరిగే మరణాలకు ఈ బండే పెద్ద కారణమై, ఏటా సగటున పదిమందికి పైగా చనిపోతూ వచ్చారు. ఆ ప్రభుత్వం 2019లో నిబంధన చేసి, 2021 అక్టోబరు నుంచి అమ్మే పొలం రకం బండ్లకు వెనుక రక్షణ కమ్మీ ఉండి తీరాలంది. ఇష్టం లేక కొన్ని పెద్ద కంపెనీలు అక్కడ ఆ బండ్ల అమ్మకమే మానుకున్నాయి. మన దగ్గర విడిది గృహాల్లో తిప్పే బండికి ఆ కమ్మీ ఉన్నదా లేదా అని అడిగేవారు బహుశా వందకు ఒకరు కూడా ఉండరు. అడగడం తప్పు కాదు. ఇంజనును ఆపే ఎర్ర బొత్తాం ఎక్కడుందో, బండి నుంచి పడితే ఇంజను దానంతట అదే ఆగేలా చేతికి కట్టుకునే తాడు ఉన్నదో లేదో కూడా అడగాలి.

పిల్లల విషయంలో మొహమాటానికి పోరాదు. తండ్రి ముందు అయిదేళ్ల పిల్లవాడిని కూర్చోబెట్టి ఫొటో తీయడం ముచ్చటగానే ఉంటుంది. ఆ పిల్లవాడి వల్ల హ్యాండిలు పూర్తిగా తిరగదు, తండ్రి ఒంటిని జరపలేడు. రెండు ఆధారాలూ పోయినట్టే. పిల్లల కోసం చిన్న ఇంజను బండ్లు ఉన్నాయి. వాటిని చదును నేల మీద, పెద్దవారు పక్కన ఉండగా తిప్పనివ్వవచ్చు.

రోడ్డు, అడవి, పట్టా భూమి

ఈ బండ్లలో చాలావాటికి రిజిస్ట్రేషన్ ఉండదు. రిజిస్ట్రేషన్ లేని వాహనం బహిరంగ రోడ్డు మీద నడపడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. కనుక సొంత ఆవరణలో, పట్టా భూమిలో తిరిగినంతసేపే దానికి చోటు. గైడు దారి మధ్యలో తారు రోడ్డు దాటిస్తుంటే అక్కడే అనుమానించాలి. రోడ్డు మీద మైనరు చేత వాహనం నడిపిస్తే తల్లిదండ్రులకు గాని, వాహన యజమానికి గాని మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా అని 2019లో చేసిన సవరణ చెబుతోంది. బండెక్కే ముందు 'ఏం జరిగినా మాకు పూచీ లేదు' అన్న కాగితం మీద సంతకం తీసుకోవడం మామూలే. ఆ సంతకం వల్ల వినియోగదారుల కమిషనుకు వెళ్లే హక్కు పోదు. అయితే చేతిలో రశీదు ఉండాలి.

నస్రుల్లాబాద్ 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కామారెడ్డి జిల్లాలో మండల కేంద్రమయింది. 1923-31 మధ్య మంజీర మీద కట్టిన నిజాంసాగర్ నీటితో పండే పొలాలు ఒక పక్క, గుట్టలు, అడవి మరో పక్క ఉన్న ప్రాంతమిది. ఇలాంటి చోటికి రేపో మాపో ఎవరైనా ఈ బండ్లు తెచ్చి 'మీ ఊరికి ఆదాయం' అంటే ఊరివారు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. దారి ఎవరి భూమిలోంచి పోతుంది? రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం, ఇక బండ్లు తిప్పడం చెప్పేదేముంది. మెదక్, కామారెడ్డి జిల్లాల్లో విస్తరించిన పోచారం అభయారణ్యానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వర్తిస్తుంది. బయటివారు లోనికి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. కాలువ గట్టు మీద తిప్పుతామంటే అసలు ఒప్పుకోరాదు. గట్టు తెగితే నష్టం పొలానిది, డబ్బు బండి యజమానిది.

గుట్ట మట్టి సంగతి కూడా ఆలోచించాలి. వానకు తడిసిన ఎర్రనేల మీద లావు టైరు పదేపదే తిరిగితే గడ్డి పోతుంది, గాడి పడుతుంది. మరుసటి వానకు నీళ్లు ఆ గాడి వెంటే పారి, అది లోతైన కోతగా మారుతుంది. పశువులు మేసే బంజరులో ఇలాంటి కోతలు పడితే పూడ్చేవారు ఉండరు. దారి ఒక్కటే ఉండాలి, దాని మీద అడ్డంగా నీరు పక్కకు మళ్లే కట్టలుండాలి, గట్టి వానల రోజుల్లో బండ్లు ఆపాలి. ఇవి ఒప్పందంలో రాయించుకోవలసిన మాటలు. గైడు పని ఊరి కుర్రవాళ్లకే ఇవ్వాలన్నది మరొకటి. ఏ రాయి ఎక్కడుందో, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో తెలిసినవాడు ఊరివాడే. కాకపోతే వాడికి బండి నడపడంతోపాటు ప్రథమ చికిత్స కూడా నేర్పించి, బీమా చేయించి, జీతం మాట్లాడాలి. తాళాలు చేతికిచ్చేవాడిగా మిగిల్చితే, ప్రమాదం జరిగిన రోజున మొదట పట్టుబడేది వాడే.

నస్రుల్లాబాద్ నుంచి అనంతగిరికి వెళ్లేవారు బాన్సువాడ, ఎల్లారెడ్డి, మెదక్ మీదుగా సంగారెడ్డి చేరి, అక్కడినుంచి సదాశివపేట దారిన వికారాబాద్ వెళ్లవచ్చు. వానలు తగ్గి గుట్టలు ఇంకా పచ్చగా ఉండే అక్టోబరు నుంచి జనవరి దాకా అనువైన కాలం. సెలవు దినాల్లో గుంపు ఎక్కువ, గైడుకు తీరిక తక్కువ. వీలైతే మామూలు రోజున, ఉదయం పూట వెళ్లడం మేలు. పొడుగు చేతుల చొక్కా, మడమ కప్పే బూట్లు వెంట ఉండాలి. చున్నీ, కండువా, చీర కొంగు చక్రంలో గాని గొలుసులో గాని పడకుండా బిగించి కట్టుకోవాలి. దిగేటప్పుడు సైలెన్సరుకు కాలు తగలనివ్వరాదు, అరగంట తిరిగిన బండిది పెనంలా కాలుతూ ఉంటుంది.