ఏ చెమట ఏం చెబుతుంది?

వేసవిలో కారేపల్లి చుట్టుపక్కల తండాలు, గూడేలు తెల్లవారకముందే లేస్తాయి. అది తునికాకు కాలం. ఎండ ముదరకముందే అడవికి పోయి ఆకు కోయాలి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టాలి, కల్లంలో అప్పజెప్పాలి. అంతకుముందు మిరప చేలల్లో కాయ ఏరిన చేతులే ఆ పనీ చేస్తాయి. కారేపల్లి కేంద్రంగా ఉన్న మండలం పేరు సింగరేణి. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించిన తర్వాత పుట్టిన బొగ్గు కంపెనీకి కూడా సింగరేణి పేరే నిలిచింది. అడవిలోనైనా, చేనులోనైనా, గనిలోనైనా ఇక్కడి జనం చెమటోడ్చే బతికారు.

అందుకే చెమట పట్టిందంటే ఎవరూ పట్టించుకోరు. తువ్వాలతో తుడుచుకొని పని చూసుకుంటారు. కష్టం చేసినప్పుడు పట్టే చెమట విషయంలో అది సరైనదే. కానీ పని లేకుండా పట్టే చెమట, రాత్రిపూట పక్క తడిపే చెమట, ఒళ్లు చల్లబడి పోసే చెమట వేరు. వాటిని కూడా ఎండ ఖాతాలో వేసేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

కష్టం చేస్తే పట్టే చెమట

మన ఒంటి మీద 20 నుంచి 40 లక్షల దాకా చెమట గ్రంథులు ఉంటాయి. ఒంటి వేడి 37 డిగ్రీలకు అటూఇటూ నిలబడాలి. పని చేస్తే కండరాల్లో వేడి పుడుతుంది, ఎండ దానికి తోడవుతుంది. అప్పుడు మెదడు ఆజ్ఞతో గ్రంథులు నీళ్లను, కొంచెం ఉప్పును చర్మం మీదికి వదులుతాయి. ఆ తడి ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఒంటిని చల్లబరిచేది ఆరిన చెమట మాత్రమే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ధారగా కారి నేలపాలవుతుంది. గాలి ఆడని భూగర్భ గనిలోనూ, వాన పడి ఉక్కపోసే రోజునా ఎంత చెమట పోసినా ఒళ్లు చల్లబడకపోవడానికి కారణం అదే.

ఎండలో బరువు పని చేస్తే గంటకు లీటరుకు పైగా చెమట పోవచ్చు. దాంతోపాటు ఉప్పూ పోతుంది. కాళ్ల పిక్కలు పట్టేయడం, తల తిరగడం మొదలైతే ఒట్టి నీళ్లు సరిపోవు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి తాగాలి, లేదంటే లీటరు నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్ ప్యాకెట్ వాడాలి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరునడిగి తెలుసుకోవాలి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కాబట్టి, సీజన్ మొదటి రోజుల్లో పని తగ్గించుకోవడం మేలు.

వడదెబ్బ

ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బ. ముసలివాళ్లలో చాలాసార్లు చెమట ఆగిపోయి చర్మం పొడిగా కాలిపోతుంటుంది. పని చేస్తూ పడిపోయినవాళ్లకు మాత్రం చెమట ఇంకా కారుతూనే ఉండవచ్చు. కాబట్టి చెమట ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు, మాట తడబడుతోందా అన్నది చూడాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

చలిజ్వరం తర్వాత చెమట

అడవి అంచు పల్లెలకు మలేరియా కొత్త కాదు. ముందు వణికించే చలి, తర్వాత కాల్చే జ్వరం, చివరికి ఒళ్లంతా చెమట పోసి జ్వరం దిగిపోవడం దీని వరస. చెమట పట్టగానే తగ్గిపోయిందనుకొని మర్నాడు పనికి పోతారు. క్రిమి మాత్రం నెత్తురులోనే ఉంటుంది, వైవాక్స్ రకమైతే రోజు విడిచి రోజు మళ్లీ జ్వరం తెస్తుంది. మలేరియా దోమ ద్వారా వస్తుందని తేల్చే ఆధారం దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. ఇప్పుడు వేలి కొసన ఒక్క నెత్తురు చుక్క తీసి ఆశా కార్యకర్తే నిమిషాల్లో పరీక్ష చేయగలదు. వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుంటుంది గనక దానికి 14 రోజుల మాత్రలు ఇస్తారు. జ్వరం పోయిందని మధ్యలో మానేయకూడదు.

రాత్రిపూట చెమట

చల్లటి రాత్రి కూడా పక్క తడిసేలా చెమట పడుతోందా? దానికి తోడు రెండు వారాలకు పైగా దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష చేయించుకోవాలి. తెమడ పరీక్ష, మందులు సర్కారు దవాఖానలో ఉచితం. చికిత్స సాగినన్నాళ్లూ మంచి తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు.

పనేమీ చేయకుండానే చల్లటి చెమట

కూర్చున్నచోటే ముచ్చెమటలు పోసి, ఛాతీ బరువెక్కి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే గుండెపోటని అనుమానించాలి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, ముసలివాళ్లలో నొప్పి లేకుండా చెమట, ఆయాసం మాత్రమే కనిపించవచ్చు. గ్యాస్ అనుకొని సోడా తాగి పడుకుంటే విలువైన సమయం పోతుంది. ముందు ఈసీజీ తీయించాలి.

షుగర్‌కు మాత్రలో, ఇన్సులినో వాడుతూ తిండి తినకుండా పనికి పోయినవాళ్లకు చెమట, వణుకు, గుండెదడ వస్తే షుగర్ పడిపోయినట్టే భావించాలి. మెలకువగా ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. 15 నిమిషాల్లో కుదుటపడకపోతే మళ్లీ ఇచ్చి దవాఖానకు తీసుకుపోవాలి.

మందు కొట్టాక చెమట

పత్తికి, మిరపకు మందు కొట్టేటప్పుడు వీపు మీది ట్యాంకు కారి చొక్కా తడుస్తుంది. చెమటతో పాటే మందు కూడా ఒంటికి అంటుకొని ఉంటుంది. కొన్ని రకాల పురుగుమందులు చర్మం గుండానే లోపలికి పోయి నరాల వ్యవస్థను అదుపు తప్పిస్తాయి. విపరీతంగా చెమట, నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, వాంతులు మొదలవుతాయి. కంటిపాప సూది మొనంత చిన్నదవుతుంది. ఎండకు అలా అయిందిలే అనుకోవడమే ఇక్కడ ప్రమాదం. ఆ బట్టలు వెంటనే తీసేసి సబ్బుతో ఒళ్లు కడగాలి, మందు డబ్బా వెంట పెట్టుకొని దవాఖానకు పోవాలి. దీనికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది. అది అందేదాకా జరిగే ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

ఇవన్నీ గుర్తుండకపోయినా మూడు ప్రశ్నలు గుర్తుంచుకుంటే చాలు. చెమట పట్టేంత పని చేశామా? నీడలో కూర్చుంటే తగ్గుతోందా? చెమటతో పాటు నొప్పి, ఆయాసం, వణుకు, మాట తడబాటు, జ్వరం లాంటివి ఉన్నాయా? మొదటి రెంటికీ కాదని జవాబు వచ్చినా, మూడోదానికి అవునని వచ్చినా ఆ రోజు కూలి పోయినా సరే, పని మానేసి దవాఖాన దారి పట్టండి. పక్కనున్నవాళ్లకు ఆ లక్షణాలు కనిపిస్తే వాళ్లు వద్దన్నా వినకుండా తీసుకుపోండి.