ఉబ్బసపు రోగి నాడి ఎందుకు పరుగెత్తుతుంది?

జమ్మలమడుగు వద్ద నాపరాళ్లు కోసే పనిలో ముప్పది యేండ్లు గడిపిన ఒకాయన, చాలాకాలం క్రిందట ప్రొద్దుటూరులోని మా వైద్యశాలకు వచ్చాడు. "సామీ, ఆయాసం అలవాటైపాయ. ఈ గుండెదడే కొత్తది" అన్నాడు. నాడి నిమిషానికి 120 దాటి, లయ తప్పి నడుస్తున్నది. విచారించగా, ఆయాసానికి ఆసుపత్రిలో ఇచ్చిన థియోఫిలిన్ మాత్రలు వాడుతున్నాడని తెలిసింది. క్రిందటి నెలలో ఆ సంగతి అడుగకనే నేను సోమలత చూర్ణం ఇచ్చియున్నాను. రెండూ గుండెను ఉరికించునవే. తప్పు నాది. చూర్ణం వెంటనే మాన్పించి, ఇ.సి.జి. కొరకు పంపించాను.

అయితే దోషమంతా మందులది కాదు. ప్రాణవహ స్రోతస్సులకు మూలం హృదయమని చరకుడు చెప్పియున్నాడు. ఊపిరితిత్తులు దెబ్బతిని రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు అందలి సన్నని ధమనులు ముడుచుకొంటాయి. వాటిలోనికి రక్తమును నెట్టలేక గుండె కుడిభాగం శ్రమపడి సాగుతుంది. అక్కడ విద్యుత్ప్రేరణలు దారి తప్పి లయ చెడుతుంది.

ఇంకొక కారణమున్నది. ఆరోగ్యవంతుడు గాలి పీల్చినప్పుడు నాడి కొంచెం త్వరపడి, విడిచినప్పుడు నెమ్మదిస్తుంది. గురుకులంలో మా గురువుగారు తమ చేయి పట్టించి ఈ భేదం నాకు తెలియజేశారు. గుండెను నిదానింపజేసే వేగస్ నాడి చేసే పని ఇది. దీర్ఘకాలం ఆయాసపడేవారిలో దాని పట్టు సడలి, గుండెను తొందరపెట్టే నాడులది పైచేయి అవుతుంది. అందువల్లనే విశ్రాంతిలోనూ దడ, నిద్రలేమి.

పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో ఒకప్పుడు రాతినార త్రవ్వినవారు మరింత జాగ్రత్తపడవలెను; ఆ ధూళి వలన కలిగే వ్యాధి ఇరువది యేండ్ల తరువాతనైనా బయటపడవచ్చును. బీడీ త్రాగేవారు, కట్టెల పొయ్యి పొగలో వంట చేసే తల్లులు కూడా ఈ కోవలోనివారే. శొంఠి కషాయం గొంతుకు హాయినిస్తుంది గాని ఊపిరితిత్తులలోని మచ్చలను మాన్పదు.

విశ్రాంతిగా కూర్చొని, మణికట్టు వద్ద నిండు నిమిషం నాడి లెక్కించండి. 100 దాటుతున్నా, లయ తప్పుతున్నా ఇ.సి.జి. తీయించుకొనవలెను. పాదాలు వాచినా ఆలస్యం తగదు. పెదవులు నీలిబారినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా తక్షణమే ఆసుపత్రికి చేరవలెను. పీల్చే మందును భయపడి మీరే మానవద్దు, మీరే పెంచనూవద్దు. ఏ వైద్యుని వద్దకు వెళ్లినా మాత్రలు, చూర్ణాలు, లేహ్యాలు అన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్లి చూపండి. ఆనాటి నుండి నేను ఆ సంచి చూడనిదే సోమలత డబ్బా మూత తీయను.