గేరు రాడ్డు స్థానము మార్చుట

అంబాసిడరు కారు నెరుగని పెద్దలు మన పల్లెలలో అరుదు. పెండ్లికైనను, ఆసుపత్రికైనను, ఎన్నికల ప్రచారమునకైనను అదియే వచ్చెడిది. ముందరి బల్లసీటుపై డ్రైవరు గాక మరి యిద్దరు, బలవంతపెట్టినచో ముగ్గురు, ఒదిగి కూర్చుండెడివారు. అట్లు కూర్చుండ వీలు కలిగించినది గేరు రాడ్డు నేలపై లేకపోవుటయే. అది స్టీరింగు చక్రము క్రింద నెడమవైపునకు చిన్న కఱ్ఱవలె చొచ్చుకొని యుండెడిది. 1990 తరువాత వచ్చిన అంబాసిడర్లలో కొన్నింట ఆ రాడ్డు నేలమీదికి దిగినది. 2014 లో ఆ కారు నిర్మాణమే నిలిచిపోయినది.

స్టీరింగు గేరునకు పుట్టినిల్లు అమెరికా. తొలినాటి మోటారులలో గేరు రాడ్డు నేలనుండి పొడవుగా లేచి, నడుమ కూర్చున్నవాని మోకాళ్ళకు తగులుచుండెను. 1938 లో పాంటియాక్ కారు చేయువారు, కోరిన గిరాకీలకు దానిని స్టీరింగు వద్ద నమర్చి యిచ్చిరి. మరుసటి యేటికే అచ్చటి పెక్కు కంపెనీలు ఆ త్రోవ బట్టినవి. పిమ్మట వెనుక తొట్టి గల పికప్పు ట్రక్కులకును ఆ యేర్పాటు వచ్చినది. ఆ ట్రక్కు అమెరికా రైతునకు మన రెండెడ్ల బండి వంటిది. రైతు, కొడుకు, కూలివాడు ఒకే సీటుపై కూర్చుండి పొలమునకు పోవుదురు. అందుచేతనే అచ్చటి పెద్ద పికప్పులలో కొన్నింట నేటికిని గేరు రాడ్డు స్టీరింగు వద్దనే యున్నది.

అట్టి సదుపాయమును తీసివేసి రాడ్డును రెండు సీట్ల నడుమ పెట్టెలోనికి దింపుకొనువారు అచ్చట అనేకులు. కొందరికది వేడుక. కొందరు బల్లసీటు తీసి విడివిడి కుర్చీలు వేయుదురు, అప్పుడు నడుమ చోటు ఖాళీ యగును. మఱికొందరి బండ్లలో స్టీరింగు లోపలి బుష్షులు అరిగి రాడ్డు వదులై, ఏ గేరులో నున్నదో తెలియకుండ ఊగులాడుచుండును. టెక్సాసులో నుద్యోగము చేయుచున్న నా పాత శిష్యుడొకడు ఈ మూడవ కారణముచేత తన పాత షెవ్రొలే పికప్పునకు ఈ మార్పు చేయించెను. జరిగినదానిని నాకు రెండు దీర్ఘమైన ఉత్తరములలో వ్రాసెను. వానివల్లనే ఈ విషయము నాకు పట్టుబడినది.

ఆ బండి గేరులు వానియంతట అవియే మారునట్టివి. క్లచ్చి త్రొక్కుట లేదు. రాడ్డునకు వరుసగా కొన్ని స్థానములు మాత్రమే గలవు. మొదటిది పార్కు, అనగా బండిని కట్టివేయునది. రెండవది రివర్సు. మూడవది న్యూట్రలు, ముందునకును వెనుకకును గాక విడిచియుండునది. తరువాతిది ముందునకు నడుపు డ్రైవు, ఆపైన ఎత్తుపల్లములకు పనికివచ్చు తక్కువ గేరులు. రివర్సునకును ముందుగేరునకును నడుమ న్యూట్రలు ఉండి తీరవలయుననియు, బండి నడచు గేరులో నున్నప్పుడు స్టార్టరు తిరుగరాదనియు 1968 మొదలు అమెరికా ప్రభుత్వపు కట్టడి.

చెరువు తూమును తలచుకొనుడు. గట్టుపైని చక్రమును త్రిప్పినచో నీటియడుగున తలుపు లేచును. పైనున్నవానికి తలుపు కానరాదు, చక్రమును బట్టియే తూము మూసినదో తెరచినదో యెరుగును. నడుమనున్న ఇనుపకడ్డీ యూడినచో చక్రము "మూసితి" నని చెప్పుచునేయుండును, నీరు పొలముల ముంచుచునేయుండును. గేరు రాడ్డును అంతియే. నిజమైన స్థానములు రాడ్డువద్ద లేవు. అవి కాళ్ళక్రింద, రేకుల యడుగున, గేరుబాక్సులో నున్నవి. అందు గండ్లు గల చిన్న రేకొకటి కలదు. స్ప్రింగు చివరనున్న చిన్న గిలక ఆ గండ్లలో నొకదానిలో దిగి ఆ స్థానమును నిలుపును. పార్కులో నున్నపుడు ఒక ఉక్కు కొక్కెము, వెనుక చక్రములను త్రిప్పు ఇరుసుపై నున్న పండ్ల చక్రములో బడి బండిని కదలనీయదు.

తర్కము చదివినవారికి ఇచ్చట నొక సంగతి తోచును. కొండపై పొగను జూచి నిప్పున్నదని యూహింతుము. పొగకును నిప్పునకును విడరాని సంబంధముండుటచేతనే ఆ యూహ చెల్లును. దానిని వ్యాప్తి యందురు. డ్రైవరు చేయునదియు అనుమానమే, చేతిలోని రాడ్డును జూచి కానరాని గేరును ఊహించును. ఊచలును కేబులును ఇచ్చటి వ్యాప్తి. రాడ్డు స్థానము మార్చుటయన, ఉన్న వ్యాప్తిని త్రెంచి క్రొత్తదానిని కల్పించుట.

ఇక పని. పాత యేర్పాటులో స్టీరింగు స్తంభము లోపలి గొట్టమొకటి రాడ్డుతో తిరుగును. దాని క్రింది చివరనుండి ఊచలు గేరుబాక్సు ప్రక్కనున్న చేతికి పోవును. ఆ ఊచలను విప్పి, సీట్లనడుమ నేలరేకునకు రంధ్రము చేసి, క్రొత్త రాడ్డు పెట్టెను బోల్టులతో బిగింతురు. రంధ్రము చేయుటకు ముందు బండి క్రిందికి దూరి, ఆ చోట పెట్రోలు గొట్టముగాని విద్యుత్తు తీగలుగాని లేవని చూచుకొనవలయును. క్రొత్త రాడ్డునుండి గేరుబాక్సునకు తరచుగా కేబులు వేయుదురు. సైకిలు బ్రేకు తీగవలె నిదియు తొడుగులో జరుగు ఉక్కుతీగయే, కాని లావైనది, త్రోయుటకును లాగుటకును పనికివచ్చునది. దానిని పొగగొట్టమునకు దూరముగా నడిపింపవలయును, లేనిచో తొడుగు కరగును. మెలికలు పెట్టరాదు, పెట్టినచో తీగ పట్టివేయును. తొడుగు రెండు చివరలును గట్టిగా కట్టుబడవలయును. ఒకటి వదులైనను, రాడ్డు జరిపినప్పుడు తొడుగు జరుగునే గాని గేరు జరుగదు.

తరువాత సరిచూచుట. చక్రములకు ముందు వెనుక దిమ్మెలు పెట్టి, గేరుబాక్సు ప్రక్క చేతిని పార్కులో పూర్తిగా దిగునట్లు త్రోసి, పై రాడ్డును పార్కులోనే యుంచి, అప్పుడు కేబులు చివర నమర్పవలయును. అది బలవంతమేమియు లేక తనచోట కూర్చుండవలయును. కొంచెము లాగి తగిలించితిమా, రాడ్డు పార్కులో నున్నను కొక్కెము పండ్ల అంచుపై నిలిచియుండవచ్చును. ఆ కొంచెమే ప్రమాదము.

ఇంతవరకు నా శిష్యునికి పని చేసినవారు చక్కగనే చేసిరి. అసలు పొరపాటు స్టీరింగు స్తంభముపై జరిగినది. ఆ కాలపు పెక్కు బండ్లలో స్టార్టరును అడ్డగించు స్విచ్చి ఆ స్తంభముపైననే యుండును. లోపలి గొట్టము పార్కులోగాని న్యూట్రలులోగాని నున్నప్పుడే అది స్టార్టరునకు విద్యుత్తు నిచ్చును. తాళముచెవియు అచ్చటనే. గొట్టము పార్కులో లేనిచో చెవి బయటికి రాదు. గేరు రాడ్డును నేలకు దింపినపిదప ఆ గొట్టము ఊగులాడకుండ దానిని పార్కు స్థానముననే కట్టివేయుదురు. వారును అట్లే చేసిరి, స్విచ్చిని మాత్రము ఉన్నచోటనే విడిచిరి. ఇక నది నేలపై రాడ్డు ఎచ్చటనున్నను "పార్కు, పార్కు" అని ఒకేమాట చెప్పు సాక్షియైనది. చెవి ఏ గేరులోనైనను ఊడివచ్చును, స్టార్టరు ఏ గేరులోనైనను తిరుగును.

ఒకనాటి రాత్రి అతడు రాడ్డును రివర్సులో మరచి, చెవి తీసికొని యింటిలోనికి పోయెను. చెవి రాకుండినచో అప్పుడే తెలిసియుండును. చోటు చదునైనది గాన బండి కదలలేదు. తెల్లవారి చెవి త్రిప్పగానే ఇంజను లేచి బండి వెనుకకు దుమికెను. వెనుకనున్నది వాని కొమరుని సైకిలు. అది బండి క్రిందబడి చుట్టగా చుట్టుకొనిపోయెను. పిల్లవాడు అప్పటికింకను లోపల పాలు త్రాగుచుండెను. ఈ ఘట్టము వ్రాసినచోట ఉత్తరములో అక్షరములు సరిగా లేవు.

ఇట్టి ఆపదలు పెరటి మరమ్మతులకే పరిమితములు గావు. పార్కులో నుంచితిమని తలచిన బండ్లు వెనుకకు నడచినవని ఫోర్డు కంపెనీ బండ్లపై ఫిర్యాదులు రాగా, 1980 లో ఆ కంపెనీ ప్రభుత్వముతో నొడంబడిక చేసికొని, సుమారు 2 కోట్ల 30 లక్షల బండ్లకు ఎదుట అంటించుకొను హెచ్చరిక చీటీలు పంపుటకు ఒప్పుకొనెను. మొన్నమొన్న మఱియొక విధమైనది వచ్చినది. కొన్ని జీపు, డాడ్జి, క్రైస్లరు బండ్లలో, సీట్లనడుమ రాడ్డు ఎటు జరిపినను తిరిగి నడుమకే వచ్చి నిలుచును, చేతితో తాకి గేరు నెరుగుటకు వీలులేదు. 2016 ఏప్రిలులో అట్టివానిని 11 లక్షలకు పైగా మరమ్మతునకు పిలిచిరి. ఆ జూనులోనే ఆంటన్ యెల్చిన్ అను యువనటుడు లాస్ ఏంజెలెస్‌లో తన యింటి వాలుబాటలో, అట్టి జీపే వెనుకకు జారి నలిపివేయగా మరణించెను. నేలపై రాడ్డున్నంతమాత్రమున గేరు తెలియునని యనుకొనుటయు భ్రమయే.

నా శిష్యుడు రెండవసారి పనిని తానే చేసికొనెను. క్రొత్త రాడ్డు పెట్టెలోనే అమర్చు స్విచ్చి దొరకును. స్టార్టరు తీగలను దానికి కలిపి, పాత స్విచ్చిని తీసివేసెను. వెనుకకు పోవునప్పుడు వెలుగు దీపముల తీగలును అట్లే మార్చెను. పిమ్మట చేతిబ్రేకు వేసి, కాలిబ్రేకు గట్టిగా త్రొక్కి, వెనుక నెవరును లేకుండ జేసి, ఒక్కొక్క స్థానములో రాడ్డు నుంచి చెవి త్రిప్పిచూచెను. పార్కు, న్యూట్రలులలో తప్ప స్టార్టరు పలుకరాదు. రివర్సులో తప్ప ఆ దీపము వెలుగరాదు. వాలుచోట నిలిపి, పార్కులో నుంచి, బ్రేకులు మెల్లగా వదలి కొక్కెమును పరీక్షించెను. తాళముచెవి సంగతి మాత్రము సరిపడలేదు, స్తంభము కట్టువడియుండుటచేత అది నేటికిని ఏ గేరులోనైనను వచ్చును. కావున చేతిబ్రేకు వేసి, రాడ్డును కంటితో జూచి, పిదపనే చెవి తీయుట ఇంటిల్లిపాదికిని అలవాటు చేసినాడట.

2010 సెప్టెంబరు మొదలు అమెరికాలో ఆటోమాటిక్ గేరుల బండ్లలో బ్రేకు త్రొక్కనిదే రాడ్డు పార్కునుండి కదలరాదను నియమము వచ్చినది. అట్టి బండ్లలో ఆ యడ్డును గూడ క్రొత్త రాడ్డునకు మార్చవలయును. రాడ్డునకును గేరుబాక్సునకును నడుమ ఊచయే లేక విద్యుత్తుతో సంకేతములు పోవు బండ్లలో ఈ పని స్పానరుతో నయ్యెడిది కాదు.

పాత రాడ్డు తీసినచోట స్తంభముపై రంధ్రమును ఇత్తడి బిళ్ళతో మూసితినని రెండవ యుత్తరము చివర వ్రాసినాడు. బల్లసీటు పోయి నడుమ పెట్టె వచ్చుటచేత మూడవవానికి చోటు లేదు. భార్యాబిడ్డలతో బయలుదేరవలసినప్పుడు పికప్పు ఇంటివద్దనే యుండును, వారు కారులో పోవుదురట.