యాప్య వ్యాధులు – వైకల్య ధ్రువపత్రం

ప్రాచీన ఆయుర్వేద గ్రంథకర్తలు రోగాలను వాటి లక్షణాలను బట్టి మాత్రమే గాక, నయమయ్యే తీరును బట్టి కూడా విభజించారు. తేలికగా నయమయ్యేవి సుఖసాధ్యాలు. శ్రమించి నయం చేయదగినవి కృచ్ఛ్రసాధ్యాలు. ఏ చికిత్సకూ లొంగనివి అసాధ్యాలు. సాధ్యాసాధ్యాల నడుమ ‘యాప్యం’ అనే మరొక తరగతిని కూడా వారు గుర్తించారు. మందు, పథ్యం సాగినంతకాలం అణగి ఉండి, అవి ఆగగానే మళ్ళీ తలయెత్తే వ్యాధి యాప్యం. ఇట్టి రోగికి జరిగే చికిత్సను సుశ్రుతసంహిత పడిపోబోతున్న ఇంటికి నిలిపిన ఊతకోలతో పోల్చింది. ఇల్లు నిలిచే ఉంటుంది. కాని కోలను తీసివేసే వీలు లేదు.

నేడు దీర్ఘకాలిక వ్యాధులని మనం పిలిచేవాటిలో అనేకం ఈ తరగతికే చెందుతాయి. రోగి ఎప్పుడు కోలుకొంటాడో, అసలు పూర్తిగా కోలుకొంటాడో లేదో వైద్యుడు సైతం నిశ్చయంగా చెప్పలేడు. ఇట్టి సందిగ్ధస్థితిలో పనికి దూరమైన మనిషి ప్రభుత్వ సహాయం కోరినపుడు ఒక విచిత్రమైన చిక్కు ఎదురవుతుంది. తగ్గిపోయే జబ్బయితే సహాయం ఎందుకని కొందరు అడుగుతారు. తగ్గని జబ్బయితే ఆ మాట రాతపూర్వకంగా తెమ్మని మరికొందరు అంటారు. రెండింటికీ చెందని రోగి కార్యాలయాల చుట్టూ తిరుగుతూ ఉంటాడు. ఈ చిక్కు ఎక్కడ పుట్టింది, దానికి చట్టం చూపిన దారి ఏది అన్నదే ప్రస్తుతాంశం.

మన దేశంలో వైకల్యం గలవారి హక్కులకు సమగ్రమైన మొదటి చట్టం 1995లో వచ్చింది. 1996 ఫిబ్రవరి 7న అది అమలులోకి వచ్చింది. అంధత్వం, దృష్టిమాంద్యం, కుష్ఠు నయమైనవారి వైకల్యం, వినికిడి లోపం, చలన వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక రుగ్మత – ఈ ఏడింటినే ఆ చట్టం పేర్కొన్నది. మానసిక రుగ్మతను పక్కన పెడితే తక్కినవి చాలావరకు స్థిరంగా నిలిచిపోయే స్థితులు. పోలియో వల్ల చచ్చుబడిన కాలు నిన్న ఎట్లున్నదో నేడూ అట్లే ఉంటుంది. దానిని ఏ రోజు కొలిచినా ఒకే కొలత వస్తుంది. కనుకనే నలభై శాతం అనే గీత గీసి, ఆ గీతకు పైనున్నవారికి సౌకర్యాలు కల్పించడం పాలకులకు సులభమైనది. మనిషి కష్టాన్ని శాతాలలోకి దించడం సొంపైన పని కాకపోవచ్చు. ఏదో ఒక కొలబద్ద లేనిదే పరిపాలన సాగదన్నది కూడా నిజమే.

ఐక్యరాజ్యసమితి రూపొందించిన వైకల్యం గల వ్యక్తుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించింది. దానికి అనుగుణంగా 2016లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమలవుతున్నది. ఏడుగా ఉన్న వైకల్యాలు ఇందులో 21 అయినాయి. సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియా వంటి రక్తవ్యాధులు, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ వంటి నాడీవ్యాధులు మొదటిసారిగా చోటు చేసుకొన్నాయి. అంటే యాప్య వ్యాధులు చట్టం గడప దాటి లోపలికి వచ్చాయన్నమాట. వైకల్యాన్ని నిర్వచించిన తీరు కూడా మారింది. దీర్ఘకాలం ఉండే లోపం, చుట్టూ ఉన్న అవరోధాలతో కలిసి, ఒక వ్యక్తిని తక్కినవారితో సమానంగా సమాజంలో పాల్గొననీయకుండా చేయడమే వైకల్యమని ఈ చట్టం చెప్పింది. ‘దీర్ఘకాలం’ అన్నదే గాని ‘శాశ్వతం’ అనలేదు. ఈ చిన్న పదభేదం మీదనే ఎందరో రోగుల హక్కు ఆధారపడి ఉన్నది.

చట్టాన్ని అనుసరించి 2017లో వెలువడిన నియమాలు ఈ భేదాన్ని ఆచరణలో పెట్టాయి. వైకల్య పరిమాణం కాలక్రమంలో మారే అవకాశం లేదని తేలితే శాశ్వత ధ్రువపత్రం ఇవ్వాలి. మారే అవకాశముంటే గడువు తేదీ వేసి ధ్రువపత్రం ఇవ్వాలి. కోలుకోవడం అనిశ్చితమైనంత మాత్రాన ధ్రువపత్రం నిరాకరించాలని ఎక్కడా లేదు. అయినప్పటికీ “జబ్బు ఒక దారికి రానీయండి, తర్వాత చూద్దాం” అనే సలహా ఇరుగుపొరుగుల నుంచీ, ఒక్కొక్కసారి కార్యాలయాల నుంచీ వినవస్తుంటుంది. ఈ సలహా సదుద్దేశంతో ఇచ్చినదే అయినా హాని చేస్తుంది. జబ్బు ఒక దారికి రాని కాలంలోనే జీతం ఆగుతుంది, మందుల ఖర్చు పెరుగుతుంది, అప్పు మొదలవుతుంది. ఊతకోల అవసరమయ్యేది ఇల్లు ఒరుగుతున్నపుడే గదా!

ఒక ఉదాహరణ ఊహించుకొందాం. ఇరవైనాలుగేళ్ళ యువతి ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నది. ఒకనాడు కంటిచూపు మసకబారింది. కొన్ని వారాలకు సర్దుకొన్నది. ఆరునెలల తరువాత కాళ్ళు తిమ్మిరెక్కి తూలిపోసాగింది. పరీక్షలు చేసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చారు. మన నాడీతంతువులకు విద్యుత్తు తీగకున్న తొడుగు వంటి పొర ఒకటి ఉంటుంది. రోగాలనుండి కాపాడవలసిన శరీర రక్షణవ్యవస్థే దారి తప్పి ఆ పొరను దెబ్బతీయడం ఈ వ్యాధి స్వభావం. సాధారణంగా ఇరవై నుంచి నలభై ఏళ్ళ వయసులో బయటపడుతుంది, స్త్రీలలో ఎక్కువ. చాలామందిలో ఇది ఒక్కసారి విజృంభించి, కొంత తగ్గి, మళ్ళీ విజృంభిస్తుంది. నడుమ నెలల తరబడి చూసేవారికి ఏ లోపమూ కనిపించకపోవచ్చు. కాని అలసట మాత్రం విడువదు. పది గంటలు నిలబడి చీరలు చూపించే ఉద్యోగం ఆమెకు సాధ్యం కాదు.

ఆమె ధ్రువపత్రానికి దరఖాస్తు చేయదలచింది. తెలుగునాట ఈ ప్రక్రియకు ‘సదరం’ అనే పేరు స్థిరపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైకల్య నిర్ధారణకై రూపొందించిన కంప్యూటరు వ్యవస్థ పేరు అది. జనవ్యవహారంలో ‘సదరం క్యాంపు’, ‘సదరం సర్టిఫికెట్టు’ అని వాడుకలోకి వచ్చింది. దేశమంతటికీ ఒకటిగా యూడీఐడీ అనే విశిష్ట గుర్తింపు కార్డు తరువాత వచ్చింది. నివసించే జిల్లాలోని వైద్యాధికారులకు గాని, చికిత్స పొందిన ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్యాధికారులకు గాని దరఖాస్తు చేసుకోవచ్చునని నియమాలు చెబుతున్నాయి. తానై దరఖాస్తు చేయలేని స్థితిలో ఉన్నవారి పక్షాన సంరక్షకులు చేయవచ్చు.

అసలు పరీక్ష వైద్యుని ఎదుట కూర్చున్నపుడు మొదలవుతుంది. “నడవగలవా?” అని ఆయన అడుగుతాడు. “నడవగలను” అంటుందామె. అది అబద్ధం కాదు. కాని పూర్తి నిజమూ కాదు. బస్టాండు దాకా నడిస్తే మరునాడు మంచం దిగలేదన్న సంగతి ఆ ఒక్క మాటలో లేదు. ఎవరైనా “ఎట్లున్నారు?” అంటే “బాగానే ఉన్నాం” అనడం మన మర్యాద. బాధను దాచుకోవడం గౌరవమని పెద్దలు నేర్పారు. చుట్టాలింట ఆ మర్యాద శోభిస్తుంది; వైద్యపరీక్షలో అది రోగికి నష్టం తెస్తుంది. అట్లని లేని బాధను కల్పించి చెప్పడం తప్పు. అది నేరం కూడా. వంచనతో ఈ చట్టపు ప్రయోజనం పొందినవారికి రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. కావలసినది అతిశయోక్తి కాదు, స్వభావోక్తి. ఎంత దూరం నడవగలదు, ఎంతసేపు నిలబడగలదు, ఆ పని చేశాక ఏమవుతుంది, నెలలో ఎన్ని రోజులు మంచివి, ఎన్ని చెడ్డవి – ఇవి చెప్పాలి.

ఈ వివరాలు జ్ఞాపకం మీద ఆధారపడితే నిలువవు. కనుక ఒక చిన్న నోటుపుస్తకంలో రోజుకు రెండు పంక్తులు రాసుకోవడం మంచిది. పనికి వెళ్ళని దినాలు, పడిపోయిన సందర్భాలు, మందు మార్చిన తేదీలు అందులో ఉండాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపినపుడు ఇచ్చిన సారాంశపత్రాలు, ఎమ్మారై నివేదికలు, మందుచీటీలు తేదీల వరుసలో ఉంచుకోవాలి. చికిత్స చేస్తున్న వైద్యుడు రాసే లేఖలో వ్యాధిపేరు ఒక్కటే ఉంటే చాలదు. ఆ వ్యాధి ఈ మనిషిని ఏ ఏ పనులకు అశక్తురాలిని చేసింది, ఎంతకాలంగా చేసింది అన్నది ఉండాలి. మానసిక రుగ్మతలను కొలిచేందుకు మన దేశంలో వాడే ‘ఐడియాస్’ అనే కొలమానం ఈ విషయంలో ఆదర్శప్రాయమని నా అభిప్రాయం. స్వీయసంరక్షణ, ఇతరులతో మెలగడం, సంభాషణ–గ్రహణం, పని అనే నాలుగు రంగాలలో మనిషి ఎట్లు నెగ్గుకొస్తున్నాడో అది చూస్తుంది. రోగం ఎన్నేళ్ళుగా ఉన్నదన్నదానికి కూడా అంకెలు వేస్తుంది. ఒక్కనాటి ముఖవర్చస్సును చూసి తీర్పు చెప్పదు.

ధ్రువపత్రం చేతికి వచ్చినంతనే డబ్బు వస్తుందని భ్రమపడరాదు. అది తాళంచెవి మాత్రమే. తలుపులు వేరువేరుగా ఉన్నాయి. కేంద్రప్రభుత్వం ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛనుకు ఎనభై శాతం వైకల్యం ఉండాలి. కుటుంబం దారిద్య్రరేఖకు దిగువన ఉండాలి. రాష్ట్రాల పింఛన్లకు సాధారణంగా నలభై శాతం చాలు. తెలంగాణలో ఈ పింఛను 2023 జూలైలో రూ. 4,016కు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి రూ. 6,000 అయినది. ప్రతి పథకానికీ వయసు, ఆదాయం, శాతం, పత్రం రకం గురించిన నిబంధనలు వేరు. గడువు గల పత్రాన్ని అంగీకరిస్తారా లేదా అన్న సంగతి దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవాలి.

ఉద్యోగంలో ఉన్నవారికి మరికొన్ని దారులున్నాయి. కార్మిక రాజ్యబీమా పరిధిలోని కార్మికునికి క్షయ, కుష్ఠు, క్యాన్సరు మొదలైన 34 దీర్ఘవ్యాధులలో ఏదైనా సోకితే, నిర్ణీతకాలం చందా కట్టి ఉన్నపక్షంలో, వేతనంలో ఎనభై శాతం చొప్పున రెండేళ్ళ దాకా పొడిగింపు అనారోగ్య భృతి లభిస్తుంది. దీనికి వైకల్యం శాశ్వతమై ఉండనక్కరలేదు. వ్యాధిగ్రస్తుడు తిరిగి పనిలోకి రావచ్చునన్న ఆశ మీదనే ఈ భృతి నిలిచి ఉన్నది. ఇక ప్రభుత్వోద్యోగి సర్వీసులో ఉండగా వైకల్యానికి గురైతే అతనిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 చట్టంలోని 20వ సెక్షను శాసిస్తున్నది. పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరొక పని ఇవ్వాలి. అట్టి పని లేకపోతే అదనపు పోస్టు కల్పించి అందులో ఉంచాలి.

21 వైకల్యాల జాబితా విస్తృతమైనదే గాని సంపూర్ణం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని పట్టి పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధి ఇందుకు నిదర్శనం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి మండలాలలో కొబ్బరితోటల నడుమ బతికే ఎన్నో కుటుంబాలలో ఈ వ్యాధి ఉన్నది. దాని మూలకారణం నిశ్చయంగా తేలలేదు. డయాలసిస్ అవసరమైన రోగి వారానికి రెండు మూడు పర్యాయాలు, ఒక్కొక్కమారు నాలుగేసి గంటలు యంత్రానికి కట్టుబడి ఉండాలి. అట్టివాడు తోటపని ఎట్లు చేయగలడు? అయినా మూత్రపిండ వ్యాధి చట్టం జాబితాలో లేదు. ఈ వెలితిని గుర్తించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీర్ఘకాలిక మూత్రపిండ రోగులకు ప్రత్యేక పింఛను ఏర్పాటు చేసింది. జాబితాలో పేరు లేనంత మాత్రాన రోగి నిరాశపడి కూర్చోరాదు. తన వ్యాధికి వేరొక పథకం ఉన్నదేమో విచారించాలి.

నలభై శాతం రానివారి మాట ఏమిటి? చేతిరాత కుదరని నాడీసమస్య గల ఒక యువకుడు సివిల్ సర్వీసుల పరీక్షకు రాతసహాయకుని కోరగా, నలభై శాతం వైకల్యం లేదని అధికారులు నిరాకరించారు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. వికాస్ కుమార్ కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యంలో 2021 ఫిబ్రవరిలో న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది. నలభై శాతం నిబంధన రిజర్వేషన్ల వంటి కొన్ని ప్రత్యేక ప్రయోజనాలకే పరిమితమనీ, పరీక్ష రాయడానికి కావలసిన సహేతుక సదుపాయం వైకల్యం గల ప్రతివారి హక్కు అనీ స్పష్టం చేసింది. దీర్ఘవ్యాధితో చదువు సాగిస్తున్న విద్యార్థులు ఈ తీర్పును తప్పక తెలిసికొని ఉండాలి.

దరఖాస్తు తిరస్కరణకు గురైతే కారణం రాతలో ఇవ్వమని కోరాలి. ధ్రువీకరణాధికారి నిర్ణయంపై అప్పీలు చేసే హక్కును చట్టంలోని 59వ సెక్షను ఇచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వైకల్య పింఛనుదారులకు తిరిగి వైద్యపరీక్షలు జరిపి, అనర్హులుగా భావించినవారికి నోటీసులు పంపినపుడు కూడా అప్పీలుకు అవకాశం ఇచ్చారు. అట్టి సమయాలలో తేదీల వరుసలో దాచుకొన్న పాత కాగితాలే రోగి పక్షాన మాట్లాడుతాయి. ఇచ్చిన ప్రతి అర్జీకి నకలు ఉంచుకొని, దానిపై అందినట్లు ముద్ర వేయించుకోవడం మరువరాదు.

గడువు గల ధ్రువపత్రం విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. గడువు ముగిసిన మరునాటి నుంచి అది చెల్లదు. దానిమీద ఆధారపడిన సౌకర్యాలు కూడా ఆగిపోవచ్చు. దరఖాస్తు అందిన నెలలోగా ధ్రువపత్రం ఇవ్వాలని మొదట ఉన్న నియమాన్ని 2024 అక్టోబరు సవరణ మూడు నెలలకు పొడిగించింది. కాబట్టి పత్రంపై ఉన్న తేదీకి నాలుగైదు నెలల ముందే, అప్పటిదాకా రాసుకొన్న నోటుపుస్తకాన్ని, కొత్త వైద్యనివేదికలను జతపరచి, తిరిగి దరఖాస్తు చేసుకోవాలి.